అణాకు అమ్మిన నెత్తురు: సర్ రోనాల్డ్ రాస్ జీవితము

వికారాబాదు జిల్లాలో పరిగికి సమీపమున దోమ అను గ్రామము కలదు. అది మండల కేంద్రము. ఆ పేరు విని పరాయి ఊరి బాలురు నవ్వుకొనుట సహజము. అయితే అదే పేరుగల చిన్న ప్రాణి వలన లోకప్రసిద్ధి గాంచిన స్థలమొకటి ఆ గ్రామమునకు ఎంతో దూరమున లేదు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది వెంట తూర్పునకు పోయినచో హైదరాబాదు, దానిని ఆనుకొని సికింద్రాబాదు వచ్చును. సికింద్రాబాదును మన పెద్దలు లష్కరు అనెడివారు. ఆ లష్కరు ప్రక్కన బేగంపేటలో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన ఒక ఆంగ్ల సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా బీజమును కనుగొనెను. వికారాబాదునకు తన పేరిచ్చిన నవాబు వికారుల్ ఉమరా ఆనాడు నిజాము రాజ్యమునకు ప్రధానమంత్రి. ఆ వైద్యుడు రోనాల్డ్ రాస్.

ఆ కథను మన పాఠ్యపుస్తకములు తరచుగా ఒక్క మనిషి కథగా చెప్పును. కాని ఆనాటి ఆసుపత్రిలో ఇద్దరు మనుష్యులు ఉండిరి. ఒకడు సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాడు. రెండవవాడు దోమతెరలో పడుకొని దోమలకు తన దేహమును అప్పగించినవాడు. మొదటివానికి నోబెల్ బహుమానము లభించెను. రెండవవానికి దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున కూలి ముట్టెను. రోగి యొక్క స్థితిగతులు వైద్యుని నిర్ణయమును ఎంతగా మలచునో తెలిసికొనగోరువారికి రాస్ జీవితము కంటె మంచి పాఠము లేదు. ఆయన దుర్మార్గుడు కాకపోవుటచేతనే ఆ పాఠమునకు విలువ హెచ్చినది.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన కుమావూ కొండలలోని అల్మోరాలో జన్మించెను. అప్పటికి మూడు దినముల క్రిందటనే మీరటులో సిపాయిలు తిరుగబడి యుండిరి. తండ్రి క్యాంబెల్ రాస్ భారత సైన్యమున అధికారి, తరువాత సేనానియైనవాడు. పదిమంది సంతానములో రోనాల్డు జ్యేష్ఠుడు. ఎనిమిదేండ్ల వయస్సున ఆ బాలుని చదువు నిమిత్తము ఇంగ్లండునకు పంపిరి. అతనికి చిత్రలేఖనము, సంగీతము, కవిత్వము, గణితము ప్రాణములు. వైద్యము మీద మనసు లేదు. తండ్రి ఆజ్ఞను జవదాటలేక 1874లో లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రి కళాశాలలో చేరెను.

ఆ విద్యార్థి దశలోని ఒక చిన్న సంఘటనను జీవితచరిత్రకారులు చెప్పుదురు. ఎసెక్సు చిత్తడి నేలల నుండి ఒక స్త్రీ తలనొప్పితో, ఒళ్లునొప్పులతో, వచ్చిపోవు జ్వరముతో ఆసుపత్రికి వచ్చెను. అది చలిజ్వరమేమో యని రాసునకు అనుమానము కలిగినది. ఇంగ్లండులో అది అరుదైన వ్యాధి కనుక ఉత్సాహముతో ప్రశ్న మీద ప్రశ్న వేసెను. ఆమె భయపడి ఆసుపత్రి విడిచి వెడలిపోయెను. రోగము నిర్ధారణ కాలేదు. రోగిలో వైద్యునికి వ్యాధి కనిపించుచు మనిషి కనిపించకపోవుట యెట్లుండునో ఈ చిన్న కథలోనే సూచన కలదు. ప్రశ్నలకు బెదరి లేచిపోవునది సాధారణముగా బీదరోగియే. సంపన్నుడు వైద్యునే తిరిగి ప్రశ్నించును.

1881లో రాస్ ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి మద్రాసు రాజధానికి వచ్చెను. ఆ వైద్యశాఖ పుట్టుకయే సైన్యము కొరకు. సిపాయి పడకపట్టిన పటాలము బలము తగ్గును. కావున సిపాయికి మందు. అధికారికి జ్వరము వచ్చినచో మందుతోపాటు నీలగిరి చల్లగాలి. బజారులోని కూలికి, పొలములోని రైతునకు దాపుననే ఆసుపత్రి యుండినచో ఉండెను, లేనిచో లేదు. ఈ మెట్లను రాస్ నిర్మింపలేదు. అవి ఆయనకు ముందే కట్టబడి యుండెను. ఆయన ఆ మెట్లమీద పై భాగమున నిలిచిన ఉద్యోగి.

తొలి యేండ్లలో మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమానులలో పనిచేయుచు తీరిక కాలమును పద్యరచనలో, నవలా రచనలో, గణితములో గడపెను. 1883లో బెంగుళూరులో ఉండగా తన బంగళాలో దోమల బాధ ఎక్కువగా నుండుట గమనించి వెదకి చూచెను. కిటికీ దగ్గర నిలువ నీటి తొట్టిలో పురుగులు కదలుచుండెను. ఆ తొట్టిని క్రుమ్మరించగానే దోమలు తగ్గెను. ఉత్సాహముతో మిగిలిన తొట్లను, కుండీలను కూడ అట్లే చేయవచ్చునని పటాలపు అధికారికి చెప్పగా అతడు నవ్వి, సృష్టిక్రమమునకు అడ్డుపడరాదని త్రోసిపుచ్చెను. తన గది వరకు దోమలు పోయినవి. తక్కినవారి ఇండ్లలో నిలిచెను. ఒక్కరి గదిని శుభ్రము చేయుట తేలిక, ఊరినంతటిని శుభ్రము చేయుట అధికారుల ఇష్టముపై ఆధారపడినదని రాసునకు తెలిసిన మొదటి పాఠమిది. జీవితాంతము ఆ పాఠము ఆయనను వెంటాడెను.

నాటి భారతదేశమున చలిజ్వరము చేయు విధ్వంసము ఇంతింత కాదు. పల్లెలలో పిల్లల కడుపులో బల్ల పెరిగి పొట్టలు ముందుకు వచ్చుట సామాన్య దృశ్యము. దానికి మందు లేకపోలేదు. సింకోనా పట్ట నుండి తీసిన క్వినైన్ అప్పటికే కలదు. మన జనులు దానిని కొయినా అనిరి. ప్రభుత్వము నీలగిరులలో, డార్జిలింగు ప్రాంతమున సింకోనా తోటలు వేయించెను. 1892లో వంగదేశమున తపాలా కచేరీలలో కొయినా పొట్లములను పైసకొకటి చొప్పున అమ్మించిరి. అది మంచి యత్నమే. కాని పైసకు కొన్న ఒక పొట్లముతో జ్వరము తగ్గును గాని వ్యాధి నిర్మూలము కాదు. దినముల తరబడి మ్రింగవలెను. కూలివాడు జ్వరము దిగిన నాడే పనికి పోవును, మందు మానును, జ్వరము మరల తిరిగివచ్చును. మందు ఒక్కటే, వ్యాధి ఒక్కటే. కాని పూర్తిగా కుదుర్చుకొను తీరిక, ధనము మాత్రము ఇంటింటికి వేరు.

1880లో అల్జీరియాలోని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగుల నెత్తుటిలో మలేరియా పరాన్నజీవిని చూచెను. అది ఒక దేహమునుండి మరియొక దేహమునకు ఏ త్రోవన పోవుచున్నదో తెలియలేదు. లండనులో పాట్రిక్ మాన్సన్ అను వైద్యునికి దోమలపై అనుమానము కలిగెను. ఆ అనుమానమునకు కారణము ఆయన పూర్వానుభవము. 1877లో చైనాలోని అమోయ్ రేవులో ఉండగా బోదకాలు పురుగులు దోమలో పెరుగునని ఆయన కనుగొనెను. అందులకు పనికివచ్చినది తన తోటమాలి దేహము. హిన్‌లో అను ఆ తోటమాలి రక్తమున పురుగులు ఉండెను. అతనిని దోమల గదిలో పరుండబెట్టి, నెత్తురు త్రాగిన దోమలను ఉదయమున పట్టి పరీక్షించిరి. యజమాని అడిగినప్పుడు తోటమాలి కాదనుట ఎట్లు? ఆనాటి వైద్యశాస్త్రమున పెద్ద అడుగులు కొన్ని ఇట్టి ప్రశ్నను దాటియే పడినవి.

1894లో సెలవుపై లండను పోయిన రాసునకు మాన్సన్ ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపెను. అప్పటివరకు దానిని నమ్మని రాస్ ఆ దినమునుండి దానికే అంకితుడయ్యెను. 1895 మార్చిలో తిరిగివచ్చి, 19వ మద్రాసు పదాతిదళమునకు వైద్యుడుగా సికింద్రాబాదు చేరెను. పని ప్రారంభమయ్యెను. పరిశోధనకు మలేరియా నెత్తురు కావలెను. అది రోగుల వ్రేళ్లలో నున్నది.

రోగుల వ్రేలికి సూది గ్రుచ్చి బొట్టు నెత్తురు తీయుట వైద్యునికి చిన్న పని. ఆసుపత్రికి వచ్చిన పేదలకు అది చిన్న పని కాదు. మందునకు వచ్చిన తమ నెత్తురును దొర ఎందులకు తీయుచున్నాడో వారికి అర్థము కాలేదు. ఇదేదో చేతబడి యనుకొని కొందరు పారిపోయిరి. రాస్ డబ్బు ఇచ్చి వారిని నిలుపవలసి వచ్చెను. అబ్దుల్ ఖాదర్ అను రోగి రక్తమున పరాన్నజీవులు సమృద్ధిగా నుండుటచే రాసునకు అతడు విలువైనవాడయ్యెను. అతనిపై దోమలను వదలి, అవి నెత్తురు త్రాగిన పిదప కోసి చూచెను. దోమలు చచ్చిన నీటిని త్రాగుటచే జ్వరము వచ్చునని మాన్సన్ తలంచుటచేత, కొందరిని ఒప్పించి అట్టి నీటిని త్రాగించెను. ఒకనికి స్వల్ప జ్వరము వచ్చినను మలేరియా నిర్ధారణ కాలేదు. ఆ ఊహ అంతటితో బలహీనపడెను. సిద్ధాంతము లండనులో పుట్టినది. నీరు త్రాగినది సికింద్రాబాదు బీదవాడు.

ఇంతలో రాసును బెంగుళూరునకు కలరా పనిమీద పంపిరి. అచట పారిశుద్ధ్య కార్యములలో మునిగి, బీదల పేటల మురుగు కాలువలు రోగములకు ఎట్లు పుట్టినిండ్లగునో కన్నులార చూచెను. 1897లో నీలగిరులలో దోమల కొరకు తిరుగుచు తానే మలేరియాకు గురియయ్యెను. క్వినైన్ సేవించి త్వరలో కోలుకొనెను. ఆ వేసవి గడచినంతట మరల సికింద్రాబాదు చేరెను.

1897 ఆగస్టు మాసము. బేగంపేట ఆసుపత్రిలో ఉక్క భరింపరానిది. పంకా విసరినచో దోమలు ఎగిరిపోవునని దానిని ఆపించెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. అంతవరకు ఆయన వందల దోమలను కోసియు ఫలము గానలేదు. ఏలయన అవి మలేరియాను మోయు జాతివి కావు. రెక్కలపై మచ్చలుగల వేరొక జాతి దోమను, గోడపై తోక పైకెత్తి కూర్చున్నదానిని ఆయనకు చూపినవాడు ఆసుపత్రిలోని భారతీయ సహాయకుడు. ఆ జాతి లేకున్నచో ఆ పరిశోధన లేదు. తరువాత స్మృతులు వ్రాసికొనునపుడు రాస్ ఆ సహాయకుని పేరు మరచితినని విచారము వెలిబుచ్చెను. విచారము నిజమైనదే కావచ్చును. అయినను పేరు మరచిపోవుట ఎవరి విషయమున సాధ్యమగునో ఆలోచింపదగినది. పై అధికారి పేరు ఎవరును మరువరు.

నీటి పురుగుల నుండి పొదిగించిన ఆ మచ్చరెక్కల దోమలను ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిపై వదలిరి. అతడు దోమతెరలో పరుండి యుండెను. కరచిన దోమకు ఒక అణా అని బేరము. రూపాయిలో పదునారవ పాలు అణా. నెత్తురు త్రాగిన దోమలను రాస్ దినదినము కొన్నింటిని కోసి చూచెను. కొన్ని చచ్చిపోయెను. నాలుగవ నాడు, అనగా 20వ తేదీన, చివరికి మిగిలిన కొద్ది దోమలలో ఒకదాని జీర్ణాశయపు గోడపై గుండ్రని కణములను, వాటిలో మలేరియాకు మాత్రమే చెందిన నల్లని రేణువులను చూచెను. మరునాడు మరియొక దోమలో అవే కణములు పెద్దవై కనిపించెను. బీజము దోమలో పెరుగుచున్నదని తేలెను. ఆ రాత్రి రాస్ ఆనందముతో పద్యము వ్రాసికొనెను. డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నలులో ఆ వార్త ప్రకటితమయ్యెను.

ఇచట ఒక్క క్షణము ఆగి చూడవలెను. వైద్యునికి రోగి నెత్తుటిలో పరాన్నజీవి పోవలెను. పరిశోధకునికి అది యుండవలెను. ఒకే మనుష్యుడు వైద్యుడును పరిశోధకుడును అయినప్పుడు ఈ రెండు కోరికలును ఒకే హృదయమున పెనగులాడును. హుసేన్ ఖాన్ రక్తమున నెలవంక ఆకారముగల పరాన్నజీవులు ఉండెను. వాటిపై క్వినైన్ అంతగా పనిచేయదను మాట నిజమే. అయినను ఆ పడకపై ఒక పటాలపు కర్నలు పడుకొని యున్నచో, అతనిని వివస్త్రుని చేసి దోమలకు అప్పగించు ఆలోచనయే ఏ వైద్యునకు రాదు. ఆ ఆలోచనను సులభము చేసినది వ్యాధి కాదు, రోగి పేదరికము. అణా పుచ్చుకొనుట అతని ఇష్టమే; కాని అణా అవసరము లేనివానికి ఆ ఇష్టము పుట్టదు. రాస్ క్రూరుడు కాడు. అతడు కూలి ఎగవేయలేదు. ఆ కాలపు న్యాయమునకు లోబడియే నడచెను. ఆ న్యాయమే లోపభూయిష్టము.

విజయము చేతికందిన మాసమునకే ప్రభుత్వము రాసును మలేరియా అరుదుగానుండు రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసెను. సైన్యమునకు కావలసినది పటాలపు వైద్యుడే గాని పరిశోధకుడు కాడు. మాన్సన్ లండనులో పట్టుపట్టగా 1898 ఫిబ్రవరికి రాస్ కలకత్తా చేరెను. అచట మరొక ఆటంకము. ప్లేగు భయముతో నగరము గగ్గోలెత్తుచుండెను. దొరలు టీకాలు పొడిచి చంపుదురను వదంతి వ్యాపించెను. రూపాయి ఆశ చూపినను బీదలు వ్రేలు చాపలేదు. అణాకు లొంగిన నిరుపేద, ప్రాణభయము కలిగినపుడు రూపాయిని కూడ తిరస్కరించెను. అది పామరుల మూఢత్వమని నాటి అధికారులు తలంచిరి. ప్లేగు పేర ఇండ్లలో చొరబడి సోదాలు జరిపిన ప్రభుత్వమును జనులు నమ్మకపోవుట మూఢత్వము కాదు, అనుభవము.

మనుష్యులు దొరకక రాస్ పక్షులవైపు తిరిగెను. పిచ్చుకలకు, భరతపక్షులకు కూడ మలేరియా వంటి వ్యాధి కలదు. మహమ్మద్ బక్షు అను సహాయకుడు దోమలను పట్టి, పెంచి, పక్షులపై వదలి, రేయింబవళ్లు తోడుపడెను. 1898 జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులను చేరుననియు, కుట్టినపుడు ఆరోగ్యవంతమైన పక్షి దేహమున ప్రవేశించుననియు రాస్ నిరూపించెను. దారి మొత్తము తెలిసెను.

అదే వత్సరాంతమున ఇటలీలో గ్రాసీ, బిగ్నామీ, బాస్టియనెల్లి మానవుల విషయమున ఆ సత్యమునే స్థాపించిరి. రోములోని ఆసుపత్రిలో ఏండ్లతరబడి పడియున్న ఒక రోగిపై దోమలను వదలి, అతనికి మలేరియా వచ్చునట్లు చేసి చూపిరి. మరి రెండేండ్లకు, 1900లో, లండనులో మరియొక ప్రయోగము జరిగెను. రోమునుండి తెప్పించిన దోమలచేత పాట్రిక్ మాన్సన్ కుమారుడే, వైద్యవిద్యార్థియైన యువకుడే, స్వచ్ఛందముగా కుట్టించుకొనెను. అతనికి జ్వరము రాగానే రక్తము పరీక్షించిరి, క్వినైన్ ఇచ్చిరి. తన అనుభవమును అతడే పత్రికలో వ్రాసెను. లోకము అతని ధైర్యమును మెచ్చుకొనెను. మెచ్చుకొనదగినదే. అమోయ్ తోటమాలి, సికింద్రాబాదు రోగి, రోము రోగి, లండను యువకుడు—నలుగురిని కుట్టినవి దోమలే. అందులో ఒక్కనికి మాత్రమే తాను చేయుచున్నదేమో సంపూర్ణముగా తెలియును; ఒక్కనికి మాత్రమే వీరుడను పేరు వచ్చెను. అతడు వైద్యుని కుమారుడు.

1899లో రాస్ ఉద్యోగము విడిచి లివర్‌పూలులోని ఉష్ణమండల వైద్య విద్యాలయమున చేరెను. అక్కడినుండి ఆయన జీవితము మరొక త్రోవ పట్టెను. ఒక్కొక్క రోగికి మందిచ్చుచు పోయినచో మందు కొనగలవానికే ఆరోగ్యము చేరును. దోమలు పుట్టు నీటిని తొలగించినచో ఊరిలో ధనికుడును దరిద్రుడును ఒక్కసారిగా రక్షింపబడుదురు. బెంగుళూరులో తొట్టి క్రుమ్మరించినప్పటి ఊహయే ఇపుడు సిద్ధాంతముగా రూపొందెను. గుంటలు పూడ్చుట, కాలువలు త్రవ్వుట, నిలువనీటిపై నూనె చల్లుట, ఇందులకు కూలీల దళములు ఏర్పరచుట—ఇవి ఆయన చెప్పిన ఉపాయములు. 1902లో దోమల దళముల నిర్మాణమును గూర్చి చిన్న గ్రంథము కూడ ప్రకటించెను.

ఆయన మాటను ఎవరు విన్నారో, ఎక్కడ విన్నారో చూడదగినది. పశ్చిమాఫ్రికాలో ఫ్రీటౌనునకు ఆయన 1899లో పోయి, వీధులలోని గుంటలు పూడ్పింపుడని ముఖ్యముగా కోరెను. మరికొందరు వైద్యులు వేరొక సలహా ఇచ్చిరి: నల్లవారి బిడ్డల నెత్తుటిలో మలేరియా నిండియున్నది, కనుక తెల్లవారు వారికి దూరముగా నివసింపవలెను. ప్రభుత్వమునకు రెండవ సలహా నచ్చెను. 1904లో ఫ్రీటౌను పైనున్న కొండపై యూరోపీయుల కొరకు ప్రత్యేక నివాసములు, వాటికి రైలుదారి వెలసెను. క్రింది ఊరిలో గుంటలు ఉన్నచోటనే యుండెను. సూయజు కాలువ కంపెనీ మాత్రము తన ఇస్మాయిలియా పట్టణమునకు రాసును 1902లో పిలిపించి, ధనము వెచ్చించి, చెప్పినట్లు చేసెను. ఏటా వేలలో నుండిన జ్వరములు కొద్ది కాలములో వందలకు, తరువాత ఇంకను తక్కువకు దిగెను. ఓడలు నడువవలెనన్నచో పనివారు ఆరోగ్యముగా నుండవలెను. అందుచే అక్కడ ధనము దొరికెను. లాహోరు సమీపమున మియాన్ మీర్ దండులో జరిగిన ప్రయత్నమును కొలది కాలములోనే విఫలమని తేల్చిరి. చాలినంత వ్యయము చేయక విఫలమనుట న్యాయము కాదని రాస్ వాదించెను.

1907లో ఆయన మారిషసు ద్వీపమునకు పోయెను. ఆ ద్వీపపు చెరకుతోటలలో మన తెలుగువారు కలరు. కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయిన కూలీల సంతతి వారు. 1860ల చివరి యేండ్లలో మలేరియా ఆ ద్వీపమున వేలాది ప్రాణములను బలిగొనెను. రాస్ అచట పిల్లల పొట్టలు తాకి బల్ల పెరిగినవారిని లెక్కించి, ఏ ప్రాంతమున వ్యాధి ఎంత యున్నదో నిర్ణయించు పద్ధతిని అనుసరించెను. ఆ లెక్కలకు తన బాల్య ప్రియవిద్యయైన గణితమును జోడించెను. ఊరిలోని దోమలనన్నిటిని చంపనక్కరలేదు, ఒక పరిమితికి దిగువకు తగ్గించినచో వ్యాధి తనంతట నశించునని గణితముచే చూపెను. 1910లో వెలువడిన ఆయన మహాగ్రంథమున ఈ విచారణ కలదు. నేడు అంటువ్యాధులను గణితముతో అంచనా వేయు శాస్త్రమునకు రాస్ ఆద్యులలో ఒకడు. ఇక్కడ రోగి అణాకు నెత్తురమ్మువాడు కాడు, లెక్కలోనికి వచ్చిన పౌరుడు. కూలి బిడ్డయు దొర బిడ్డయు ఆ లెక్కలో ఒక్కొక్కరే.

1902లో వైద్యశాస్త్రమునకు నోబెల్ బహుమానము రాసునకు లభించెను. ఆ బహుమానమును పొందిన మొదటి ఆంగ్లేయుడాయనయే. ఏడు వేల పౌనులకు మించిన ధనము వచ్చెను. గ్రాసీతో ప్రాధాన్యమును గూర్చి సాగిన కలహము మాత్రము ఇరువురికిని శాంతి లేకుండ చేసెను. 1911లో సర్ బిరుదము వచ్చెను. అయినను తనకు తగిన ప్రతిఫలము ముట్టలేదను బాధ ఆయనను విడువలేదు. మశూచి టీకా కనుగొన్న జెన్నరునకు పార్లమెంటు 1802లో 10,000 పౌనులు, 1807లో 20,000 పౌనులు ఇచ్చినది. తనకేల ఈయరాదని ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను. అది ఫలింపలేదు. తుదకు 1928లో తన కాగితములను 2,000 పౌనులకు విక్రయించెను.

ఆ అర్జీలో స్వార్థమున్నను ఒక సత్యము కూడ కలదు. ఒక ధనికుని జ్వరము కుదిర్చిన వైద్యునికి సంచి నిండును. లక్షమందికి జ్వరము రాకుండ చేసిన వైద్యునికి ఎవరును రుసుము చెల్లింపరు. కనుక వైద్యుల చూపు సహజముగా చెల్లించువాని మంచము వైపే మరలును. ఈ మాటను రాస్ లోకమునకు గట్టిగా చెప్పెను. హుసేన్ ఖాన్ కూడ ఆ లోకోపకారమున భాగస్వామియే, అతనికిని ప్రతిఫలము రావలెనను ఊహ మాత్రము ఆ అర్జీదారునకు తట్టలేదు. తనకు జరిగిన అన్యాయమును గుర్తించినవాడు తన మంచము ప్రక్కనున్న అన్యాయమును గుర్తింపకపోవుట మానవ స్వభావమున ఒక చీకటి మూల.

1926లో లండనులో రాస్ పేర పరిశోధనాసంస్థ స్థాపితమయ్యెను. 1927 జనవరిలో కలకత్తా ఆసుపత్రి గోడలో ఆయన స్మారకద్వారము ఆవిష్కృతమైనప్పుడు ఆయన స్వయముగా హాజరయ్యెను. 1931లో భార్య రోసా మరణించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన ఆయన తన పేరుగల సంస్థలోనే తుదిశ్వాస విడిచెను. బేగంపేటలోని ఆనాటి భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయపు అధీనమున ఆయన పేరు ధరించి నిలిచినది. ఆగస్టు 20వ తేదీని ప్రపంచమంతట దోమల దినముగా పాటింతురు.

రాస్ మరణానంతరము లోకమునకు కనువిప్పు కలుగుటకు ఒక మహాయుద్ధము కావలసివచ్చెను. జర్మను శిబిరములలో ఖైదీలపై జరిగిన ఘోర ప్రయోగములను విచారించిన పిమ్మట, 1947లో న్యూరెంబర్గు నియమావళి వెలువడెను. మనుష్యునిపై ఏ ప్రయోగమునకైనను అతని స్వేచ్ఛాపూర్వక సమ్మతి తప్పనిసరియని అది శాసించెను. 1964లో హెల్సింకిలో ప్రపంచ వైద్యసంఘము దానిని మరింత విశదము చేసెను. రోగికి అర్థమగు భాషలో వివరింపవలెను, ధనాశచే లోబరచుకొనరాదు, వలదన్నచో అతని చికిత్సకు భంగము కలుగరాదు. ఇవన్నియు అణా బేరమునకు ఆలస్యముగా వచ్చిన సమాధానములు.

నియమములు వ్రాసినంతమాత్రమున మెట్లు కూలిపోవు. 2009లో నాటి ఖమ్మము జిల్లాలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకాను వేలాది బాలికలకు వేసిరి. వారిలో పలువురు వసతిగృహములలో చదువు గిరిజన బాలికలు. తల్లిదండ్రులకు మారుగా వసతిగృహపు అధికారులు సమ్మతి పత్రములపై సంతకములు చేసిరని తేలెను. 2010లో ఆ కార్యక్రమము ఆగిపోయెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తీవ్రముగా విమర్శించెను. టీకా మంచిదా కాదా యన్నది వేరు ప్రశ్న. ఆ టీకా నేడు అనేక దేశములలో వాడుకలో నున్నది. నగరములో సంపన్నుల బడిలో తల్లిదండ్రులను అడుగక సూది వేయుదురా యన్నదే అసలు ప్రశ్న.

విద్యార్థులు రాసును గౌరవింపవలెను. పంకా ఆపుకొని, చెమటతో కన్నులు మూసికొనిపోవుచుండగా, వందల దోమలను కోసిన ఆ పట్టుదలకు సాటి లేదు. ఆయన చూపిన త్రోవ వలన కోటానుకోట్ల ప్రాణములు నిలిచినవి. కాని పరీక్షలో ఆయన పేరు వ్రాయునపుడు హుసేన్ ఖాన్ పేరును కూడ వ్రాయించు ఉపాధ్యాయుడు శాస్త్రమునకు ద్రోహము చేసినవాడు కాడు. శాస్త్ర చరిత్రను సంపూర్ణము చేసినవాడు. రేపు ఆ విద్యార్థులలో కొందరు వైద్యులగుదురు. దోమ గ్రామము నుండియో, తాండూరు నాపరాతి గనుల నుండియో వచ్చిన కూలి వారి ముందు బల్లపై కూర్చుండును. పరీక్ష వ్రాయవలెనా, వాయిదా వేయవలెనా, ఖరీదైన మందు చెప్పవలెనా, చౌకది చాలునా, విషయమంతయు వివరింపవలెనా, సంతకము పెట్టించుకొనిన చాలునా—ఇట్టి నిర్ణయములు ఒక్క నిమిషములో జరిగిపోవును. ఆ నిమిషమున వైద్యుని చూపు మొదట రోగి నాడిపై పడునా, అతని చొక్కాపై పడునా అన్నదానిని బట్టియే ఆ చదువు విలువ నిర్ణయమగును.